కాన్పు గదిలో మగ డాక్టరు

మన వంశవృక్షం కోసం పిల్లలు పుట్టిన ఏళ్ళు, ఊర్లు ఒక పట్టికలోకి ఎక్కిస్తా ఉంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. 1960ల దాకా పుట్టిన చోటు అనే గడిలో ఒకటే మాట ఉంది: ఇంట్లో. లేదంటే అమ్మగారింట్లో. ఆ తర్వాతే మెల్లగా ధర్మపురి, సేలం, రాయవేలూరు, బెంగళూరు ఆస్పత్రులు వస్తాయి. ఎందుకంత ఆలస్యమైందని పెద్దవాళ్ళను అడిగితే దూరమనీ, బండి కట్టాలనీ, చేతిలో డబ్బు లేదనీ చెప్తారు. అన్నీ నిజమే. ఇంకొంచెం సేపు కూర్చుంటే గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్తారు. "ఆడ ఉండేది మొగ డాక్టరు కదప్పా."

ఈ బ్లాగులో మనం ఏ దారిన ఈ పక్కకి వచ్చినామో రాసినాము, భూముల తగాదాలు రాసినాము, ఇంటి దేవుడి గురించి రాసినాము. కాన్పు గది గురించి మాత్రం ఎవరూ రాయలేదు. రాయడానికి సంకోచం నాక్కూడా ఉంది. కానీ మన ఇంటి ఆడవాళ్ళలో ఎంతమంది ఆ గదిలోనే పోయినారో పట్టికలో చూస్తే రాయకుండా ఉండబుద్ధి కాలేదు. మన ముత్తాత మొదటి భార్య కాన్పులో పోయింది. ఆమె పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. పట్టికలో "మొదటి భార్య" అనే రాసుకున్నాను.

ముందు ఇంట్లో కాన్పు అంటే ఏమో చూద్దాం. మన ఇళ్ళలో మంత్రసాని, పక్కింటి తమిళవాళ్ళకు మరుత్తువచ్చి, నేను చదివిన కన్నడ బడిలో సూలగిత్తి. పేర్లు మూడైనా పని ఒకటే. పావగడ తాలూకా సూలగిత్తి నరసమ్మ గారి పేరు చాలామంది వినే ఉంటారు. కన్నడ, తెలుగు కలిసి బతికే ఆ సీమలో ఆమె 15,000కు పైగా కాన్పులు చేసిందని చెప్తారు. 2018లో పద్మశ్రీ ఇచ్చినారు, అదే ఏడు డిసెంబర్లో పోయింది. అలాంటి మనిషికి మన పక్క ఊర్లలో ఇచ్చింది కొన్ని పడుల ధాన్యం, ఒక చీర, అంతే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మంత్రసాని చాలా ఊర్లలో తక్కువగా చూసే కులం ఆడమనిషి. మామూలు రోజుల్లో గడప దాటి లోపలికి రానీరు. కాన్పు రోజు మాత్రం ఆమె చేతులే కావాలి. బిడ్డను పట్టేది ఆమె, బొడ్డు కోసేది ఆమె, మైల గుడ్డలు తీసుకుపోయేది ఆమె. తర్వాత ఇల్లంతా కడుక్కుని, తలకు పోసుకుని, మళ్ళీ కట్టు మొదలు. అంటే ఎవరు ఎవరిని ముట్టచ్చు అనే కులం కట్టు ఆ ఒక్క గదిలో కాసేపు వంగింది. మగవాడు లోపలికి రాకూడదనే కట్టు మాత్రం ప్రాణం పోతున్నా వంగలేదు. రెంటిలో ఏది గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అప్పుడు ధర్మపురి జిల్లా లేదు. మనం సేలం జిల్లాలో ఒక తాలూకా. 1965 అక్టోబర్ 2న కదా విడిపోయింది. కాబట్టి వైద్యం సంగతి ఏదైనా మద్రాసు నుంచే మొదలుపెట్టాలి. మద్రాసులో కాన్పుల ఆస్పత్రి 1844లో మొదలైంది, ఇప్పుడు ఎగ్మూర్‌లో ఉండే ఆస్పత్రి అదే. అక్కడ డాక్టర్లు తెల్ల దొరలు, మగవాళ్ళు. నేర్చుకోవడానికి వచ్చే వైద్య విద్యార్థులూ మగవాళ్ళే, ఎందుకంటే మద్రాసు మెడికల్ కాలేజీలో ఆడవాళ్ళకు చోటే లేదు. కాస్త కలిగిన ఇళ్ళవాళ్ళు ఆ గేటు వైపు చూడలేదు. పోయింది పేద ఆడవాళ్ళు, దిక్కు లేనివాళ్ళు. మానం, మర్యాద అని మనం పెద్దగా చెప్పుకునేది కూడా ఆ కాలంలో కొందరికే దక్కిన సౌకర్యం. మగ విద్యార్థులు కాన్పు చేయడం నేర్చుకుంది పేదరాలి ఒంటి మీద.

ఈ చిక్కు కండ్లారా చూసిన ఒక ఇంగ్లీషు ఆవిడ ఉంది, మేరీ షార్లీబ్. భర్త మద్రాసులో బారిస్టరు. మగ డాక్టరును పిలవలేక, తెలిసిన ఆడ డాక్టరు లేక ఇక్కడి ఆడవాళ్ళు చనిపోతా ఉన్నారని విని, తనే డాక్టరు కావాలనుకుంది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ నలుగురు ఆడవాళ్ళను చేర్చుకుంది. అందులో ఈమె ఒకరు. సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫర్ దీనికి గట్టిగా నిలబడినాడు. లండన్‌లోనే ఆడవాళ్ళకు వైద్యం చదువు దొరకడం గగనంగా ఉన్న రోజులవి, మద్రాసులో తలుపు తెరిచినారు. మగ డాక్టరు మీద ఉన్న సంకోచమే ఆడ డాక్టరుకు దారి వేసింది. నేను చదివినంతలో ఈ కథలో నాకు బాగా నచ్చిన మలుపు ఇది.

షార్లీబ్ లండన్ పోయి ఇంకా చదివి, 1883లో మద్రాసుకు తిరిగొచ్చింది. 1885లో ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే నడిపే ఆస్పత్రి మొదలైంది. దాని పేరు చూడండి: రాయల్ విక్టోరియా కులస్త్రీల, గోషా స్త్రీల ఆస్పత్రి. సొంత కట్టడానికి లక్ష రూపాయలు ఇచ్చింది మన తెలుగు జమీందారు, వెంకటగిరి రాజా. ఇప్పుడది తిరువళ్ళికేణిలో కస్తూరిబా గాంధీ ఆస్పత్రి. ఆటోవాళ్ళకు ఇప్పటికీ గోషా ఆస్పత్రి అంటేనే తెలుస్తుంది. విశాఖపట్నంలో విక్టోరియా ఆస్పత్రిని కూడా ఘోషా ఆస్పత్రి అనే అంటారు. బెంగళూరు శివాజీనగర్లో ఇంకో గోషా ఆస్పత్రి ఉంది, నేను రోజూ ఆఫీసుకు పోయే బస్సు ఆ వైపే పోతుంది. చాలా ఏళ్ళు అది ఎవరిదో మనిషి పేరనుకునేవాళ్ళు నా పక్కన కూర్చునేవాళ్ళు. గోషా అంటే పరదా. పరదా పోయింది, పేరు మిగిలింది.

ఆ పేరులో "కుల" అనే మాట కూడా ఉంది కదా. అంటే ఆ ఆస్పత్రి మగ డాక్టర్ల నుంచి మాత్రమే తప్పించలేదు, ఎగ్మూర్‌లో పక్క మంచంలో పడుకునే వేరే కులం ఆడమనిషి నుంచి కూడా తప్పించింది. ఇది దాచి పెట్టి షార్లీబ్‌ను పొగడటం సరికాదు. అలాగని ఆ ఆస్పత్రి లేకుంటే ఆ ఆడవాళ్ళలో ఎంతమంది బతికేవాళ్ళో కూడా ఆలోచించాలి. రెండూ నిజాలే.

అదే 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరు మీద దేశమంతా ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లను అందించే నిధి మొదలైంది. తెలుగు గడ్డ మీద గుంటూరులో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883 నుంచి పని చేస్తా ఉండింది. 1898లో అక్కడ ఆస్పత్రి లేచింది. ఏలూరు జమీందారు భుజంగరావు భార్యకు ఆమె చేతుల మీదుగా కాన్పు క్షేమంగా జరిగితే, ఆయన కృతజ్ఞతగా ఆస్పత్రి దగ్గర రోగుల తాలూకు వాళ్ళకు సత్రం కట్టించినాడు.

మనకు దగ్గరి కథ రాయవేలూరుది. ఇడా స్కడ్డర్ పేరు మన ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. పెద్ద జబ్బు అంటే ధర్మపురి నుంచి మనవాళ్ళు ఎక్కే బస్సు ఆ ఊరికే. ఆమె డాక్టరు ఎందుకు అయిందో తిండివనంలో జరిగిన ఒక రాత్రి కథ చెప్తారు. 1890ల మొదటి రోజులు. ఇడాకు ఇరవై ఏళ్ళు దాటినాయి అంతే, చదువు వైద్యం కాదు, తల్లికి ఒంట్లో బాగాలేదని వచ్చింది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగవాళ్ళు తలుపు తట్టినారు, ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, ఇంకొక పెద్ద కులం ఆయన. ముగ్గురి భార్యలకూ నొప్పులు, కాన్పు కావడం లేదు. ఇడా వాళ్ళ నాయన జాన్ స్కడ్డర్ డాక్టరే, ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన వస్తాడని ఇడా చెప్తే ముగ్గురూ వద్దన్నారు. మగ డాక్టరు చూడకూడదు, నువ్వు రా అన్నారు. ఆమెకు ఏమీ తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయినారు.

ఆమె అమెరికా పోయి 1899లో కార్నెల్‌లో వైద్యం ముగించి, 1900లో తిరిగొచ్చింది. 1902లో ఆస్పత్రి, 1918లో ఆడపిల్లలకు మాత్రమే వైద్యశాల బడి. ఇదంతా చాలామందికి తెలిసిందే. నన్ను ఆపేది ఆ రాత్రి కథలో ఇంకో చిన్న సంగతి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. లోపం ఒకటి నమోదు చేస్తే, ఎవరు చెప్పినారు, ఎవరికి ఇబ్బంది అయింది, వేరువేరు గడులు ఉంటాయి. రెండూ ఒకరే అనుకుంటే పని చెడిపోతుంది. తిండివనం కథను ఆ గడుల్లో పెట్టి చూడండి. వద్దన్నది ముగ్గురు మొగుళ్ళు. విన్నది ఇడా. చచ్చిపోయింది ముగ్గురు ఆడవాళ్ళు. నొప్పులు పడతా ఉన్న ఆ ఆడవాళ్ళలో ఒకరు "మొగ డాక్టరు నన్ను తాకద్దు" అన్నారని కథలో ఎక్కడా లేదు. వాళ్ళను ఎవరైనా అడిగినారా అనేది కూడా లేదు. మనం మాత్రం నూరేళ్ళకు పైగా ఆ కథ చెప్పి "మన ఆడవాళ్ళు మగ డాక్టర్లను ఒప్పుకోలేదు" అంటా ఉంటాము.

ఒకవేళ వాళ్ళే వద్దని ఉంటే? అప్పుడైనా మూఢత్వం అని కొట్టేయడానికి లేదు. ఐరోపా మధ్యలో వియన్నా ఊరి కథ వింటే ఇది తెలుస్తుంది. మద్రాసు కాన్పుల ఆస్పత్రి పుట్టిన కాలంలోనే అక్కడి పెద్ద ఆస్పత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదాంట్లో మగ డాక్టర్లు, వైద్య విద్యార్థులు. రెండోదాంట్లో మంత్రసానులు. మొదటి వార్డులో బాలింత జ్వరంతో నూటికి సుమారు పదిమంది తల్లులు పోయేవాళ్ళు. రెండోదాంట్లో నాలుగు కంటే తక్కువ. మమ్మల్ని డాక్టర్ల వార్డులో చేర్చద్దని ఆడవాళ్ళు కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. పెద్దలు దాన్ని ఆడవాళ్ళ భయం కింద జమ కట్టినారు. చివరికి ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు కారణం పట్టుకున్నాడు. డాక్టర్లు శవాలను కోసిన చేతులతోనే కాన్పు చేయడానికి వచ్చేవాళ్ళు. 1847లో సున్నం కలిపిన క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగమని కట్టడి పెట్టినాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న చావులు జూన్‌కు 2 దగ్గరికి దిగినాయి. తోటి డాక్టర్లు ఆయన మాట చాలా ఏళ్ళు వినలేదు. కాళ్ళ మీద పడిన ఆ ఆడవాళ్ళు చెప్పింది సరిగ్గానే ఉంది, కారణం ఒకటే వాళ్ళకు తెలియదు.

ఇంకో పక్క నుంచి కూడా చూడాలి. మగ డాక్టర్లు లేకుంటే ఈ విద్య ఇంత దూరం వచ్చేది కాదు. మద్రాసులో ఆ విద్యకు పెద్ద పేరు ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్. ఆయన పుట్టింది మన కర్నూలులో, 1887 అక్టోబర్ 14న, రామస్వామి మొదలియార్‌కు కవలగా. కర్నూలులో చదువుకుని 1903లో మద్రాసు పోయినారు. తెలుగు ఊరిలో పెరిగిన తమిళ కుటుంబం. మనం తమిళ ఊరిలో పెరిగిన తెలుగు కుటుంబం, కాబట్టి ఆయన మీద నాకు కొంచెం చుట్టరికం లాంటిది ఉంది, నవ్వుకోండి. ఆయన ప్రసూతి వైద్యం నేర్పిన ఆచార్యుడు, మద్రాసు మెడికల్ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్, 1942 నుంచి 27 ఏళ్ళు మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి. కాన్పుల మీద ఆయన రాసిన పుస్తకం స్వాతంత్ర్యానికి ముందు వచ్చింది. తర్వాత కృష్ణమీనన్ పేరు కూడా చేరి, కొత్త కూర్పులతో ఇప్పటికీ వైద్య విద్యార్థులు చదువుతారు. ఈ రోజు ధర్మపురిలో కాన్పు చేసే డాక్టరమ్మలు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ మగాయన పుస్తకం తిప్పినవాళ్ళే అయ్యుంటారు. దేశమంతటి ప్రసూతి వైద్యుల సంఘాలన్నీ ఒక సమాఖ్యగా కలిసింది కూడా మద్రాసులోనే, 1950 జనవరిలో.

ఆడవాళ్ళ పక్క కూడా అప్పటికి గట్టిపడింది. పుదుక్కోట్టై ముత్తులక్ష్మి రెడ్డి 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో పట్టా తీసుకుంది. ఇప్పుడు మన జిల్లాలో గర్భిణులకు సర్కారు ఇచ్చే డబ్బు ఆమె పేరు మీదే వస్తుంది. తెలుగులో కొమర్రాజు అచ్చమాంబ, చరిత్రకారుడు లక్ష్మణరావు గారి కూతురు, మద్రాసులో వైద్యం చదివి విజయవాడలో కాన్పులు చేసింది, ప్రసూతి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాసింది, 1957లో లోక్‌సభకు కూడా పోయింది. రాయవేలూరు కాలేజీ 1947లో మగపిల్లలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టింది. మగ డాక్టరు వద్దన్నందుకు పుట్టిన చోట మగ డాక్టర్లు తయారు కావడం మొదలైంది.

ఇక మన ఇంటి సంగతి. ఈ ముక్క నాకు నేరుగా ఎవరూ చెప్పలేదు. నేను కూర్చుంటే పెద్దమ్మ పత్తి వత్తులు చేస్తా మాట మార్చేసింది. మా ఇంటామె అడిగితే చెప్పింది. మగ డాక్టరు ముందు సంకోచం గురించి రాస్తా ఉంటే, మగ రాతగాడి ముందు కూడా అదే సంకోచం ఉంటుందని నాకు తోచనే లేదు.

1970ల చివర. పెద్దమ్మకు రెండో కాన్పు. ఇంట్లో ఒకటిన్నర రోజు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, తీసుకుపోండి అన్నది మంత్రసానే. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. బాడుగ కారులో టౌనుకు తీసుకుపోయినారు. ఆస్పత్రిలో ఆ రాత్రి ఉన్నది మగ డాక్టరు. వాళ్ళత్త గుమ్మం దగ్గర అడ్డం కూర్చుంది. పొద్దున లేడీ డాక్టరు వచ్చేదాకా ఆగుదామన్నది. పెదనాయన ఏమీ తేల్చుకోలేక బయట బీడీ తాగుతా నిలబడినాడు. చివరికి ఒక నర్సమ్మ వచ్చి అత్తను చెయ్యి పట్టి లేపింది. "నేను పక్కనే ఉంటాను, బిడ్డ పోతే నువ్వు తెచ్చిస్తావా" అని అరవంలో గట్టిగా అడిగిందంట. ఆపరేషన్ జరిగింది. అప్పుడు పుట్టినాయన ఇప్పుడు హోసూరులో పని చేస్తా, ఈ బ్లాగు చదువుతా ఉంటాడు.

మా ఇంటామె అడిగింది, "మీకు మొగ డాక్టరంటే సిగ్గనిపించలేదా?" అని. పెద్దమ్మ చెప్పింది ఇది. "సిగ్గు ఉండింది. నొప్పి ఇంకా ఎక్కువ ఉండింది. ఆయన పేరు తెలీదు, మొగం గుర్తు లేదు. నర్సమ్మ మొగం గుర్తుంది. కానీ నువ్వేమంటావని నన్ను ఎవురూ అడగలేదు. అత్త చెప్పె, ఆయన చెప్పె, డాక్టరు చెప్పె. నేను ఆడనే పండుకోనుంటి."

డాక్టరు మగా ఆడా అనేది చిన్న సంగతి అని నేను అనను. చెడ్డ చేతులు ఉంటాయి. ఆడమనిషి మనసు విప్పి చెప్పుకోవడానికి ఆడమనిషి ఉంటే తేలిక, ఇది మొండితనం కాదు, ఆమె హక్కు. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో, మగ డాక్టరు ఆడరోగిని పరీక్షించేటప్పుడు ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలని రాసినారు. ఆ నర్సమ్మ నలభై ఏళ్ళ ముందే చేసిన పని అది. ఆడ డాక్టరైతే అన్నీ సరిగా ఉంటాయని కూడా అనుకోకండి. "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" అని కాన్పు బల్ల మీద కసిరిన మాటలు మన ఇళ్ళలో ఆడవాళ్ళు చాలామంది విన్నారు, అన్నది ఆడవాళ్ళే. రోగిని మనిషిగా చూసేదానికీ డాక్టరు కట్టుకున్నది చీరా ప్యాంటా అనేదానికీ సంబంధం మనం అనుకున్నంత లేదు.

ఇప్పుడు ధర్మపురి బస్టాండు చుట్టూ తిరిగి ప్రసూతి ఆస్పత్రుల బోర్డులు చదవండి. దాదాపు అన్నీ ఆడ డాక్టర్ల పేర్లే. 2008లో మన ఊర్లోనే సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, దూరం పోవాల్సిన పని తగ్గింది. ఇంట్లో కాన్పు అనేది ఇంచుమించు లేదు. షార్లీబ్, ఇడా అడిగింది దొరికింది. దాంతోపాటు మగవాడు ఈ విద్య వైపు రావడం కూడా తగ్గింది.

మన ఇంట్లోనే ఒక పిల్లోడు ఎంబీబీఎస్ ముగించి, ప్రసూతి విభాగంలో పీజీ చేయాలనుకున్నాడు. హౌస్ సర్జన్‌గా కాన్పుల వార్డులో చేసిన నెలలు వానికి బాగా నచ్చినాయంట. ఇంట్లో ఒక్కరు కూడా సరే అనలేదు. "నీ దగ్గరికి ఎవురొస్తారు?" అని వాళ్ళమ్మ, "పిల్లనెవురిస్తారు?" అని అవ్వ. ఆ అవ్వ ఎవరో కాదు, మగ డాక్టరు చేతిలో బతికి బయటపడిన మన పెద్దమ్మే. వాడు మత్తు డాక్టరు అయినాడు. ఇప్పుడు రోజుకు రెండు మూడు సిజేరియన్లలో వెన్నుకు సూది వేస్తాడు, బిడ్డ బయటికి వచ్చేదాకా తల్లి తల దగ్గరే కూర్చుని మాట్లాడతా ఉంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క అత్త కూడా గుమ్మానికి అడ్డం కూర్చోలేదంట.